కొళాయి ఏడుపు మాన్పే ఉంగరం

నాలుక ఒక్కటే ఆస్తిగా పుట్టి, ఆ ఆస్తిని ఎక్కడా తాకట్టు పెట్టకుండా నడివయసు దాకా దర్జాగా అనుభవించిన మహానుభావులు లోకంలో అరుదు. వాగ్ధాటి గారు అటువంటివారిలో ఒకరు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. సొంత ఊళ్ళో, పాత సామాన్ల వేలంశాలలో, ఆయన పాట పెడుతుంటే విన్న జనం పెట్టిన పేరు. మూడు కాళ్ళ కుర్చీని పైకెత్తి పట్టుకుని, లేని నాలుగో కాలి వైభవాన్ని ఆయన వర్ణించే తీరుకు కరిగిపోయి, ఉన్న కాళ్ళను లెక్కపెట్టుకోవడం కూడా మరిచి కొనుక్కుపోయినవారు ఎందరో. వారిలో కొందరు ఇంటికి వెళ్ళి కూర్చున్నాక తిరిగి వచ్చారు. తిరిగి వచ్చినవారు మరో కుర్చీ కొనుక్కుని వెళ్ళారు.

కాలం ఎవరినీ ఉపేక్షించదు. వేలంశాల మూతపడింది. దూరదేశంలో చాకిరేవు యంత్రాలు పెట్టుకుని స్థిరపడిన తోడల్లుడు, భార్యకు అక్కమొగుడు, కబురు పెట్టాడు. దంపతులు బయలుదేరి వెళ్ళారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెతను నమ్ముకుని రైలెక్కిన వాగ్ధాటి గారికి, ఊరు మారితే నోరే మారిపోతుందన్న రెండో సగం ఎవరూ చెప్పలేదు. ఆ ఊరి భాష వేరు. అంబారీ మీద ఊరేగిన నాలుక అక్కడ చెప్పులు లేకుండా ఇరుకు సందుల్లో నడవవలసి వచ్చింది.

అయితే గొప్ప సేనాని ఓడిన కోటలోనూ ఆయుధాలు వెతుక్కుంటాడు. వచ్చీరాని భాషతో బతకడానికి ఆయన కొద్దికాలంలోనే ఒక యుద్ధతంత్రం నిర్మించుకున్నారు. మొదటి అస్త్రం చిరునవ్వు. అది ఎదుటివాడు అడిగిన ప్రశ్నను కాసేపు గుమ్మం బయట నిలబెడుతుంది. రెండోది కాలయాపన, "అదేనండీ, అంటే, చూడండి మరి" అంటూ మాటలు లేని చోట మాటల నీడలు పరవడం. మూడోది తలూపుడు. ఇది మహా ప్రమాదకరమైన అస్త్రమని క్షౌరశాలలో తేలింది. అక్కడ మంగలి ఏదో అడిగాడు, ఆయన హుందాగా తలూపారు, లేచి అద్దంలో చూసుకునేసరికి పాతికేళ్ళుగా పోషించుకొస్తున్న మీసం లేదు. ఇంటికి వస్తే భార్య గుమ్మంలోనే ఆపింది.

"ఎవరు కావాలండీ?" అంది.

"నేనేనే."

"మీసం ఉన్నాయన ఒకాయన పొద్దున వెళ్ళారు. ఆయనొచ్చాక రండి."

ఆ రోజు నుంచి మూడో అస్త్రాన్ని అటకెక్కించి, నాలుగోదాన్ని పదును పెట్టారు. అదే డొంకతిరుగుడు. పేరు తెలియని మనిషి ఇంటికి దారి చెప్పినట్టు, మాట తెలియనప్పుడు దాని చుట్టుపక్కల గుర్తులన్నీ చెప్పడం. దిండు అనే మాట రాకపోతే తల పడుకునే సంచి. నిచ్చెన రాకపోతే గోడకు ఆనుకున్న మెట్లు. లోకం దీన్ని అవిటితనం అంటుంది. ఆయన మాత్రం కావ్యమార్గం అనేవారు.

ఈ కావ్యమార్గంలోనే ఆయన ఒక ఇనుప సామాన్ల దుకాణంలో గల్లా ముందరి బల్ల దగ్గర ఉద్యోగం సంపాదించారు. నెల రోజుల పరీక్షా కాలం. ఆ పని పోతే ఏమవుతుందో కూడా ముందే నిశ్చయమై ఉంది. తోడల్లుడి చాకిరేవులో ఇస్త్రీ యంత్రం ముందు ఒక చోటు ఖాళీగా ఉంది.

"తమ్ముడూ, ఆ యంత్రం ఉందే, బంగారం," అనేవాడు తోడల్లుడు, ఆదివారం వచ్చి కాళ్ళు బారజాపి కూర్చుని. "అది నిన్నేమీ అడగదు. నువ్వు దానికేమీ చెప్పక్కర్లేదు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నోరు మూసుకుని పని చేసుకోవచ్చు. భాష బాధ లేదు."

నోరు మూసుకుని. సదుద్దేశంతో అన్న ఆ మాట వాగ్ధాటి గారి చెవికి శాశ్వత శిక్షలా వినిపించేది. జీతంలో తేడా ఏమీ లేదు. తేడా అల్లా, బల్ల దగ్గర ఆయన ఇంకా మాట అమ్ముకునే మనిషి. ఆవిరి దగ్గర ఆవిరి.

ఇక ఆ దుకాణం సంగతి. సామాను బల్ల వెనక ఉండదు. నేలమాళిగలో ఉంటుంది. బల్ల చివర నేలలో చతురస్రంగా ఒక కన్నం, దాని మీద గిలక, గిలక మీంచి తాడు, తాడుకో బుట్ట. గిరాకీ అడిగిన వస్తువు పేరును బల్ల దగ్గరి మనిషి ఆ కన్నంలోకి కేకేస్తాడు. కింద ఉన్నావిడ దాన్ని వెతికి బుట్టలో వేసి తాడు లాగుతుంది. ఆవిడ వెనక సందులోని తలుపులోంచి వచ్చి అందులోంచే వెళ్ళిపోతుంది. వాగ్ధాటి గారు ఆవిడ ముఖం చూడలేదు. మడిచిన చొక్కా చేతినీ, నూనె మరకల వేళ్ళనూ మాత్రమే చూశారు. విన్నది ఒకే ఒక్క అక్షరం. ఏం చెప్పినా "ఊ" అనేది. ఆకాశం నుంచి వినిపించేది ఆకాశవాణి అయితే, ఇది పాతాళవాణి అని ఆయన మనసులో నామకరణం చేసుకున్నారు.

ఆయనకు ముందు ఆ బల్ల దగ్గర ఒక ముసలాయన చాలా ఏళ్ళు పనిచేశాడు. గిరాకీ తెచ్చిన విరిగిన ముక్కను బుట్టలో వేసి కిందికి పంపడం, ముక్క లేకపోతే తానే మెట్లు దిగి వెళ్ళడం ఆయన పద్ధతి. మోకాళ్ళు సమ్మె కట్టాక మానేశాడు. వెళ్ళేటప్పుడు ఈ పద్ధతి గురించి ఎవరికీ చెప్పలేదు, అడిగినవారూ లేరు.

మొదటి రోజే ఒక నర్సు వచ్చింది. రాత్రి పని ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది, కళ్ళు సగమే తెరుచుకుని ఉన్నాయి.

"అదేనండీ, కొళాయి లోపల ఉంటుంది చూశారూ," అంది, గాల్లో వేలితో సున్నా చుడుతూ. "నల్లగా ఉంటుంది. అరిగిపోతే రాత్రంతా టప్పు టప్పుమంటుంది. దాన్నేమంటారు?"

వాగ్ధాటి గారు ఆవిడను ఆశ్చర్యంగా చూశారు. ఈ ఊళ్ళో పుట్టి, ఈ భాషలో ఉగ్గుపాలు తాగిన మనిషి! ఈవిడ కూడా సున్నాలు చుడుతోంది. ఇనుప సామాన్ల కొట్టు గడప దాటగానే ప్రతి మనిషీ పరదేశి అయిపోతాడన్న మహాసత్యం ఆ క్షణంలో ఆయనకు గోచరించింది. ఇక్కడ తాను ఒంటరివాడు కాదు. అందరూ తనలాంటివారే, తేడా అల్లా, వాళ్ళకు ఇంటికి వెళ్ళగానే భాష తిరిగి వచ్చేస్తుంది.

కన్నం మీదికి వంగి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, కొళాయి ఏడుపు. ఏడుపు ఆపే ఉంగరం. నల్ల ఉంగరం. పిల్ల ఉంగరం."

"ఊ," అంది పాతాళవాణి వెంటనే.

గిలక కిర్రుమంది. బుట్టలో వాషర్ వచ్చింది. నర్సు దాన్ని వేలికి తొడుక్కుని చూసుకుని, నిద్ర ముఖంతోనే నవ్వింది.

ఆ తర్వాత రోజులు దివ్యంగా గడిచాయి. తలుపు మడతబందు కావాలంటే "తలుపు మోచెయ్యి" అనేవారు. ఉప్పుకాగితం అడిగితే "పిల్లి నాలుక కాగితం". నీళ్ళ తొట్టిలో తేలే బంతి "చాలు అనే బంతి" అయింది. గోడ కన్నంలో స్క్రూ వదులు కాకుండా పెట్టే తొడుగు "స్క్రూ పరుపు" అయింది. కింది నుంచి ప్రతిదానికీ "ఊ", ప్రతి "ఊ" వెనకా సరైన వస్తువు. ఒక్కసారీ గురి తప్పలేదు. కథ చెప్పేవాడికి ఊకొట్టేవారు దొరికితే కలిగే పరమానందం వాగ్ధాటి గారికి మళ్ళీ దక్కింది. గిరాకీలు కూడా అలవాటు పడ్డారు. "మా తలుపు మోచెయ్యి మళ్ళీ నొప్పంటోందండీ," అంటూ వచ్చేవారు. ఒకాయన అవసరం లేకున్నా వచ్చి, గొళ్ళెం ఏమంటారో వినాలని కొనుక్కుపోయాడు.

దుకాణం యజమానురాలు మేడమీద అద్దాల గదిలో కూర్చుని లెక్కలు చూసుకునేది. అద్దంలోంచి ఆవిడకు దుకాణం కనిపిస్తుంది కాని వినిపించదు. మూడు తరాలుగా ఆ దుకాణం ఆ కుటుంబానిదే. ప్రతి వస్తువుకూ తాతగారు స్వయంగా ఖరారు చేసిన శుద్ధమైన పేరు ఉంది. ఆ పేర్లు పలికేటప్పుడు ఆవిడ కుర్చీలో కాస్త నిటారుగా కూర్చునేది. వంట గదిలో పప్పు గరిటెను గరిటె అని వదిలేసినా, దుకాణంలో పట్టకారును ఎవరైనా పటకా అంటే ఆ పూట ఆవిడకు అన్నం సయించేది కాదు.

నెల నిండడానికి రోజులు దగ్గర పడుతుండగా గదిలో పంకా చెడిపోయింది. ఉక్క భరించలేక ఆవిడ తలుపు తెరిచింది. తెరిచిన మరుక్షణం, దిగువ నుంచి గంభీరమైన కంఠం ఒకటి తేలి వచ్చింది:

"అమ్మా, పిల్లి నాలుక రెండు. ఒకటి ముసలి పిల్లి, ఒకటి కుర్ర పిల్లి."

గరుకులో తేడా ఉన్న రెండు ఉప్పుకాగితాలు పైకి వచ్చాయి. యజమానురాలు కిందికి వచ్చింది.

"ఏమన్నారు మీరు?"

వాగ్ధాటి గారు మొదటి అస్త్రం, చిరునవ్వు, సంధించారు.

"నవ్వకండి. ఏమన్నారని అడుగుతున్నాను. మా దుకాణంలో పిల్లులు అమ్ముతున్నామా?"

"అదేనండీ, అంటే, చూడండి మరి…" రెండో అస్త్రం.

"దాని పేరు ఉప్పుకాగితం. దీనికి పేరుంది. దానికి పేరుంది. ప్రతిదానికీ పేరుంది," అంది ఆవిడ, ఒక్కో మాటనూ బల్ల మీద మేకు కొట్టినట్టు. "పేరు చెప్పలేని వస్తువును అమ్మడానికి మనమేం సంతలో కూర్చోలేదు. సోమవారం పొద్దున నేను మీ పక్కన నిలబడతాను. పేర్లు పలికితే ఉంటారు. లేదంటే వేరే పని చూసుకోండి. అర్థమైందా?"

ఇది అర్థం కానంత పెద్ద వాక్యం కాదు దురదృష్టవశాత్తూ. అర్థమైంది.

ఆ శని, ఆదివారాలు ఇల్లు పాఠశాల అయింది. చాకిరేవులో అక్క దగ్గర పనిచేసి అలసి వచ్చిన భార్య, కూరగాయల పీట ముందు కూర్చుని గరిటెతో సైగలు చేస్తూ పరీక్షాధికారి అవతారం ఎత్తింది.

"ఇది?" అని తలుపు వైపు చూపించింది.

"మడతబందు."

"తలుపు మోచెయ్యి అనరా?"

"అనను."

"అనాలని ఉందా?"

"ఉంది," అన్నారు ఆయన దీనంగా. "చూడవే, ఉప్పుకాగితంలో ఉప్పు లేదు. ఆకురాయిలో ఆకూ లేదు, రాయీ లేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఊరికే అన్నారా? నా మాటలే నయం. వింటే వస్తువు కళ్ళ ముందుకొచ్చి కూర్చుంటుంది."

"కూర్చుంటుంది. మీరు మాత్రం సోమవారం నుంచి మా బావ దగ్గర నిలబడతారు. చెప్పండి. మేకుల్ని పీకేది?"

అంతలో ఆ బావే వచ్చాడు, ఇస్త్రీ పనిలో నడుముకు కట్టుకునే కొత్త ముందుగుడ్డ ఒకటి చంకలో పెట్టుకుని. "ఉంచు తమ్ముడూ. తొందరేం లేదు," అంటూ దాన్ని కుర్చీ వీపు మీద వేసి వెళ్ళాడు. అది రెండు రోజులూ అక్కడే, చేతులు లేని మనిషిలా కూర్చుని వాగ్ధాటి గారిని చూస్తూ ఉండిపోయింది. ఆయన దానికి ఎదురుగా కూర్చుని పేర్లన్నీ కంఠస్థం చేశారు. అద్దం ముందు ఉచ్చారణ దిద్దుకున్నారు. ఆదివారం సాయంత్రానికి ఆ ఊరివాళ్ళే విని సిగ్గుపడేంత శుద్ధంగా పలుకుతున్నారు.

సోమవారం పొద్దున బల్ల ముందు నర్సు ఉంది, ఆవిడ వెనక ఒక వడ్రంగి ఉన్నాడు. పక్కన యజమానురాలు చేతులు కట్టుకుని నిలబడింది.

"గది తలుపుకి…" అంటూ నర్సు మోచెయ్యి మడిచి చూపించింది. అంతకంటే చెప్పనవసరం లేదని ఆవిడ నమ్మకం.

వాగ్ధాటి గారు వేలంశాలలో ఆఖరి పాట ప్రకటించే ఠీవితో కన్నం మీదికి వంగారు.

"మడతబందు!"

అక్షరం అక్షరం ముత్యం. యజమానురాలి కనుబొమ్మ అంగీకారంగా లేచింది.

కింది నుంచి చాలా ఆలస్యంగా, సన్నగా, "ఊ" అని వినిపించింది. గిలక కదిలింది. బుట్టలో గొళ్ళెం వచ్చింది.

"ఇది కాదే," అంది నర్సు.

"మడతబందు," అన్నారాయన మళ్ళీ, ఇంకా ముత్యాలుగా. ఇంకా సన్నని ఊకారం. ఈసారి రంపం బ్లేడు ఒకటి పైకి వచ్చింది.

యజమానురాలు ఆయన్ను పక్కకు జరిపింది. "మీ పలుకు లోతుకు వెళ్ళడం లేదు," అని తానే వంగి, మూడు తరాల అధికారం గొంతులో నింపుకుని, "మడత… బందు," అంది.

లప్పం డబ్బా వచ్చింది.

గిలక కాసేపు ఊగి ఆగింది. వాగ్ధాటి గారికి అప్పుడు తెలిసింది. పిడుగు పడ్డట్టు కాదు. చీకటి గదిలో కళ్ళు మెల్లగా అలవాటు పడ్డట్టు. కిందావిడకు పేర్లు తెలియవు. ఎప్పుడూ తెలియవు. ఆవిడ కూడా ఎక్కడినుంచో వచ్చిన మనిషే. ముసలాయన ముక్కలు పంపినన్నాళ్ళూ ముక్కకు ముక్క జత చేసి నెట్టుకొచ్చింది. తాను చిన్న మాటల్లో బొమ్మలు గీసి పంపితే ఆ బొమ్మలకు జత వెతికింది. ఆ "ఊ" ఆవిడ చిరునవ్వు. ఆవిడ తలూపుడు. మంగలి కుర్చీలో తాను చేసిన పనే ఆవిడ ఇన్నేళ్ళుగా చీకట్లో చేస్తోంది. పోయే మీసం లేదు కనుక సరిపోయింది.

యజమానురాలు కూడా మందబుద్ధి కాదు. కన్నం వైపు చూసింది, మెట్ల తలుపు వైపు చూసింది.

"ఆవిడకు పేర్లు రావా?" అంది నెమ్మదిగా. "ఇన్నేళ్ళూ… పేర్లు రాకుండానే… నా నేలమాళిగలో…"

వాగ్ధాటి గారు చేయవలసింది ఏమీ లేదు. పరీక్ష నెగ్గారు. తన పలుకు శుద్ధమని యజమానురాలే రుజువు చేసింది. నోరు మూసుకుని నిలబడితే చాలు, ఉద్యోగం తనది. నోరు మూసుకుని. తోడల్లుడి మాట గుర్తుకు వచ్చింది. ఇంట్లో కుర్చీ మీద కూర్చున్న ముందుగుడ్డ గుర్తుకు వచ్చింది. నోరు మూసుకోవడానికే అయితే అక్కడికే వెళ్ళవచ్చు, దానికి ఇంత కంఠస్థం ఎందుకు?

యజమానురాలు మెట్ల తలుపు గడియ మీద చెయ్యి వేసింది. ఆయన వెళ్ళి తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"అమ్మా, కింద తప్పు లేదు," అన్నారు. కంఠస్థం చేసిన శుద్ధమైన మాటలన్నీ ఆ క్షణంలో ఎగిరిపోయాయి. మిగిలినవి చిల్లర మాటలే. వాటినే ఏరుకున్నారు. "కింద చీకటి. పేరు… చీకట్లో కనపడదు. బొమ్మ కనపడుతుంది. నేను పైనుంచి బొమ్మ వేస్తాను. ఆమె కింద చూస్తుంది. పేరు చెప్పినవాడు నేను. ఈరోజు దీపం ఆర్పినవాడు నేను."

యజమానురాలు ఆయన వంక చూసింది. అది వ్యాకరణం కాదు. కాని కాదనడానికి వ్యాకరణంలో ఏమీ దొరకలేదు.

"చూడండి," అని ఆయన కన్నం దగ్గరికి వెళ్ళారు. "అమ్మా! తలుపు మోచెయ్యి. రెండు. గట్టి మోచెయ్యి."

"ఊ!" అంది కన్నం. ఆ ఒక్క అక్షరంలో ఉన్నంత ఊపిరి అంతకు ముందు ఎన్నడూ లేదు. రెండు మడతబందులు ఊగుతూ వచ్చాయి. నర్సు వాటిని తెరిచి మూసి చూసుకుని సంచిలో వేసుకుంది. వెళ్ళలేదు. ఇంత బాగున్న దుకాణాన్ని వదిలి నిద్రకు వెళ్ళడం ఆవిడకు ఇష్టం లేకపోయింది.

"కాకతాళీయం," అంది యజమానురాలు.

వడ్రంగి సహనం అంచుకు వచ్చింది. "అమ్మా, నాకు ఆకురాయి కావాలి. నాకు పేరు తెలుసు. పేరు తెలిసినవాడిక్కూడా సామాను దొరకదా ఈ కొట్లో?"

"దొరుకుతుంది," అంది ఆవిడ పౌరుషంగా, కన్నం మీదికి వంగి. "ఆకురాయి!"

సన్నని ఊకారం. పైకి బుట్ట వచ్చింది. అందులో గులకరాళ్ళ సంచి ఉంది, చిన్నది. పాపం, కిందావిడ రాయి అన్న ముక్కను ఎక్కడో విని ఉంటుంది.

"బొమ్మ వెయ్యండి," అన్నారు వాగ్ధాటి గారు వినయంగా.

"నేనా?"

"మీరే. మీ దుకాణం."

ఆవిడ కన్నం ముందు నిలబడింది. పుట్టిన నాటి నుంచి ఆవిడకు ఏ వస్తువు పేరూ వెతుక్కోవలసిన అవసరం రాలేదు. పేరు పిలవగానే వస్తువు నౌకరులా వచ్చి నిలబడేది. ఇప్పుడు పేరును పక్కన పెట్టి చూస్తే ఏముందక్కడ?

"అది… అదేనమ్మా…" అంది. చేతులు వాటంతట అవే లేచి గాల్లో రాసుకోవడం మొదలుపెట్టాయి. "ఇలా… ఇలా చేస్తారు చూశావూ…"

"కిందికి చెయ్యి కనపడదండీ," అంది నర్సు.

"నాకు తెలుసు," అంది యజమానురాలు, చేతులు వెనక్కు దాచుకుని. చెంపలు ఎర్రబడ్డాయి. "ఇనుముది. పొడుగ్గా… ఒళ్ళంతా… గరుకు. దేన్ని రుద్దితే అది… తగ్గిపోతుంది."

"పెళ్ళాం నోరు కాదు కదా," అన్నాడు వడ్రంగి తనలో తాను.

"ఇనుప…" ఆవిడ కళ్ళు మూసుకుంది. అద్దాల గదిలో ఎప్పుడూ కనిపించని ఏకాగ్రత ముఖంలోకి వచ్చింది. "ఇనుప పిల్లి. ఇనుప పిల్లి నాలుక."

కింది నుంచి, గట్టిగా, నిస్సంశయంగా:

"ఊ."

బుట్టలో ఆకురాయి వచ్చింది. సన్న పళ్ళది, వడ్రంగికి కావలసింది సరిగ్గా అదే. యజమానురాలు దాన్ని తానే తీసి, తుడిచి, అతని చేతికి ఇచ్చింది. ముఖాన్ని ఎంత బిగించుకున్నా, మొదటిసారి సొంతంగా అడిగి నీళ్ళు తాగిన పసిపిల్లకు ఉండే గర్వం ఒకటి పెదవుల చివర నుంచి తొంగి చూసింది. ఆ తర్వాత వచ్చిన గిరాకీకి కూడా తానే వంగింది. ఆ తర్వాతి గిరాకీకి కూడా ఆయనకు చోటు ఇవ్వలేదు. మధ్యాహ్నం దాకా వాగ్ధాటి గారు బల్ల పక్కన నిలబడి, చిక్కుపడినప్పుడు అందించడం తప్ప చేసిందేమీ లేదు. లప్పం దగ్గర మాత్రం ఆవిడ పూర్తిగా ఇరుక్కుపోతే, "కిటికీ అద్దం అంచుకు పెట్టే పిండి" అని చెవిలో చెప్పారు.

సాయంత్రం దుకాణం మూసే వేళకు ఆవిడ జుట్టు సవరించుకుంది. చీర కొంగు సరిచేసుకుంది. మళ్ళీ యజమానురాలు అయింది. బల్ల అవతల నిలబడి గొంతు శుద్ధి చేసుకుని, తాతగారి కాలం నాటి భాషలో తీర్పు చదివింది:

"మీ వృత్తినిర్వహణలోని అనౌచిత్యాన్ని ఉపేక్షించడం సంస్థ సంప్రదాయానికి విఘాతమే అయినప్పటికీ, ప్రత్యామ్నాయం కొరవడినందున, తాత్కాలికమన్న పూర్వనిశ్చయాన్ని ఉపసంహరించుకోక తప్పడం లేదు."

వాగ్ధాటి గారికి ఒక్క ముక్క తెలియలేదు. ఆఖర్లో వినిపించిన "లేదు" ఒక్కటి గుండెల్లో రాయిలా పడింది. లేదంటే ఏది లేదు? ఉద్యోగమా? కన్నమా? కిందావిడా? అలవాటు కొద్దీ మెడ కదలబోయింది. తల ఊగేలోపే చెయ్యి పై పెదవి మీదికి వెళ్ళింది. అక్కడ మీసం ఇంకా సగమే మొలిచి ఉంది. మెడను బిగపట్టుకున్నారు.

వేలంశాలలో అంతమందిని మాటలతో ఆడించిన మనిషికి జీవితంలో ఎన్నడూ నోటికి రాని వాక్యం ఒకటి ఉంది. అది ఏ భాషలోనూ ఆయన వాడలేదు. ఇప్పుడు దాన్ని బయటికి తీశారు.

"అమ్మా, నాకు అర్థం కాలేదు," అన్నారు. "చిన్న మాటలు చెప్పండి."

ఆవిడ నోరు తెరిచింది. అదే వాక్యం మళ్ళీ రాబోయింది. ఆగింది. కన్నం వైపు ఒకసారి చూసింది. పొద్దున్నుంచి చేసిన సాధన ఊరికే పోలేదు.

"రేపు," అంది.

"రేపు," అన్నారాయన, ఊపిరి బిగపట్టి.

"మీరు." వేలితో చూపించింది. "ఇక్కడ." బల్ల మీద అరచేత్తో తట్టింది.

"ఎల్లుండి?"

"ఎల్లుండి. తర్వాత… దాని తర్వాత. అన్ని రోజులూ."

ఆయన ముఖం విప్పారింది. వెంటనే మళ్ళీ ముడుచుకుంది. "కింద?" అన్నారు. "కింద అమ్మ?"

యజమానురాలు నిట్టూర్చి, కన్నం అంచున చేతులు ఆనించి, సాధ్యమైనంత నెమ్మదిగా, సాధ్యమైనంత చిన్న మాటల్లో కిందికి చెప్పింది:

"నువ్వు. కింద. రేపు. ఎల్లుండి. అన్ని రోజులూ."

గిలక కదల్లేదు. బుట్ట కదల్లేదు. కాసేపటికి చీకట్లోంచి, తెలిసి, విని, ఆలోచించి పలికిన గొంతు ఒకటి పైకి వచ్చింది.

"ఊ," అంది. ఒక్క క్షణం ఆగి, ఆ ఊకారానికి జీవితంలో మొదటిసారిగా తోడు దొరికినట్టు, "మంచి బొమ్మ," అంది.